వంశవృక్షం రికార్డులు: కార్డు తీసే ముందు చూసుకోవాల్సినవి

తాతముత్తాతల పేర్లు ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టిన చాలామంది మొదటి గంటలోనే కార్డు బయటికి తీస్తారు. పేరు కొట్టగానే సైటు బోలెడు రికార్డులు దొరికాయంటుంది, సగం మసకగా చూపిస్తుంది, మిగతా సగానికి చందా అడుగుతుంది. ఆ తొందరలో కట్టిన డబ్బు చాలాసార్లు ఇంకోచోట ఉచితంగా ఉన్న కాగితానికే పోతుంది. కాబట్టి ముందుగా తేల్చుకోవాల్సింది ఆ రికార్డు అసలు ఎవరి దగ్గర ఉందన్న సంగతి. ఏ సైటు మంచిదన్న చర్చ తర్వాత.

డబ్బు దేనికి అడుగుతున్నారో ముందు విడదీసి చూడండి. అడుగున ఇండెక్స్ ఉంటుంది: పేరు, ఏడాది, ఊరు, రిజిస్టరు నంబరు, అంతే. దాని మీద ట్రాన్స్‌క్రిప్ట్, అంటే పాత చేతిరాతను ఎవరో చదివి టైపు చేసిన పాఠం. ఆపైన అసలు పేజీ స్కాన్. అన్నిటికంటే పైన ముద్ర వేసి ఇచ్చే సర్టిఫికెట్. ఇండెక్స్ చాలా దేశాల్లో ఉచితం. ట్రాన్స్‌క్రిప్టుకు విడిగా డబ్బు పెట్టడం దాదాపు ఎప్పుడూ దండగే. అందులో తప్పుంటే అనుమానం తీరడానికి మళ్లీ స్కాన్ కొనాల్సి వస్తుంది, రెండుసార్లు కట్టినట్టవుతుంది. సర్టిఫికెట్ పాస్‌పోర్టుకో, పౌరసత్వానికో, ఆస్తి తగాదాకో కావాలి. వంశవృక్షానికి స్కాన్ చాలు.

లేని రికార్డు కోసం చందా కట్టొద్దు

వెతుకుతున్న దేశంలో ఏ రికార్డులు ఏ ఏడాది నుంచి మొదలయ్యాయో, ఏవి కాలిపోయాయో, ఏవి ఇంకా మూసి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుంటే సగం ఖర్చు అక్కడే ఆగుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1. ఐర్లండ్‌లో అందరికీ కలిపి 1864. అంతకు ముందువి కావాలంటే చర్చి రిజిస్టర్లే గతి. వాటి దారి వేరు, సైట్లూ వేరు.

అమెరికా 1890 జనాభా లెక్కల పత్రాలు 1921 జనవరి అగ్నిప్రమాదంలో దాదాపు పూర్తిగా నాశనమయ్యాయి. ఇంగ్లండ్ 1931 లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే జరగలేదు. ఐర్లండ్‌లో 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలావరకు 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ మంటల్లో పోయాయి, 1861 నుంచి 1891 దాకా ఉన్నవి అంతకుముందే ప్రభుత్వం చేతుల్లోనే నాశనమయ్యాయి. అందుకని ఐర్లండ్‌లో 1881లో ఉన్న కుటుంబాన్ని లెక్కల్లో పట్టుకుందామని ఏ సైటులో చందా కట్టినా ప్రయోజనం సున్నా. ఇక భారత జనాభా లెక్కల్లో ఇంటింటి పత్రాలు చూడటానికి 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఒప్పుకోదు. పేరు కొడితే తాతగారి ఇంటి పత్రం చూపిస్తామనే వాళ్లను నమ్మక్కర్లేదు. అక్కడ ఉచితంగా దొరికేది జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కు. 1951 నుంచి ఊరివారీ అంకెలు అందులో ఉంటాయి. మనిషి కోసం వెతికేవాళ్లకు పనికిరాదు గానీ ఊరి చరిత్ర రాసేవాళ్లకు బంగారం.

మూసి ఉన్నవాటి లెక్క కూడా చూసుకోవాలి. అమెరికా లెక్కలు 72 ఏళ్లకు తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్ 1న నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగానే వచ్చాయి. ఇంగ్లండ్ వాళ్లు 100 ఏళ్లు ఆగుతారు. 1921 లెక్కలు 2022 జనవరి 6న ఫైండ్‌మైపాస్ట్ అనే చందా సైటులో వచ్చినప్పుడు ఒక్కో ట్రాన్స్‌క్రిప్ట్ 2.50 పౌండ్లు, ఒక్కో స్కాన్ 3.50 పౌండ్లు. చందాదారులు కూడా విడిగా కట్టాల్సిందే. తర్వాత అవే చందాలో కలిసిపోయాయి. కొత్తగా విడుదలైన రికార్డు ధర మొదట్లోనే ఎక్కువ. అర్జెంటు పని లేకపోతే ఆగినవాళ్లదే లాభం. పైగా ఆ స్కాన్‌లో ఇంట్లో ఉన్న వాళ్లందరూ ఒకే కాగితం మీద ఉంటారు. తండ్రి పేరుతో ఒకటి, కొడుకు పేరుతో ఇంకొకటి కొంటే అదే పేజీ రెండుసార్లు వస్తుంది.

ఫ్యామిలీసెర్చ్‌లో పేరు వెతికి ఆగిపోవద్దు

ఉచితం అనగానే అందరూ చెప్పేది ఫ్యామిలీసెర్చ్. లాటర్-డే సెయింట్స్ చర్చి నడిపే సైటు, ఖాతా తెరిస్తే చాలు, కార్డు అడగదు. ఆ సంస్థ 1938లో మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టింది. దాదాపు 24 లక్షల రీళ్లు పోగుచేసి, వాటిని స్కాన్ చేసే పని 2021లో పూర్తి చేసింది. చాలామంది మొదటి పేజీలో పేరు కొట్టి, ఏమీ రాకపోతే లేదనుకుని వెళ్లిపోతారు. అక్కడ పేరు వెతికితే వచ్చేది ఇండెక్స్ అయిన భాగమే. ఇండెక్స్ కాకుండా ఫొటోలుగా మాత్రమే ఉన్న రిజిస్టర్లు ఇంకా చాలా ఉన్నాయి.

వాటికి దారి ఇది. సెర్చ్ మెనూలో కేటలాగ్ తెరవండి. పేరు పెట్టెను వదిలేసి, స్థలం పెట్టెలో ఊరి పేరు కొట్టండి. ఊరు రాకపోతే జిల్లా, జిల్లా రాకపోతే రాష్ట్రం. వచ్చిన జాబితాలో చర్చి రికార్డులు, సివిల్ రిజిస్ట్రేషన్, భూమి, వీలునామాలు అని విడివిడిగా ఉంటాయి. కావలసింది నొక్కి కిందికి దిగితే ఫిల్ముల పట్టిక, ప్రతి వరసకు చివర ఒక చిన్న బొమ్మ. కెమెరా బొమ్మ ఉంటే ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కెమెరా మీద తాళంచెవి ఉంటే రికార్డు యజమానితో ఉన్న ఒప్పందం వల్ల ఫ్యామిలీసెర్చ్ సెంటర్‌లోనో, అనుబంధ గ్రంథాలయంలోనో మాత్రమే తెరుచుకుంటుంది. ఫిల్ము రీలు బొమ్మ ఉంటే అది ఇంకా ఆన్‌లైన్‌లో లేదు. తాళంచెవి చూసి వేరే సైటులో చందా కట్టేవాళ్లున్నారు. దగ్గర్లో సెంటర్ ఉంటే ఒక పూట కూర్చుంటే తీరే పని అది.

ఫిల్ము తెరిచాక 780 ఫొటోలు కనిపిస్తాయనుకోండి, మీకు కావలసింది 1861. మొదటి నుంచి తిప్పకండి. ముందు పట్టికలో ఆ రిజిస్టరు పక్కన ఐటమ్ నంబరు ఉందేమో చూడండి. ఒకే రీలులో నాలుగైదు పుస్తకాలు వరసగా తీసి ఉంటాయి, ఒక్కో పుస్తకం ముందు ఐటమ్ నంబరు రాసిన పలక ఫొటో వస్తుంది. చిన్న ఫొటోల వరసలో ఆ పలకలు తేలిగ్గా కంటికి తగులుతాయి. మీ ఐటమ్ 212వ ఫొటో నుంచి 540 వరకు అని తెలిసిందంటే, నడిమధ్య 376 తెరిచి ఏడాది చూడండి. 1870 ఉంటే వెనక్కి, 294కి. అలా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే ఎనిమిది తొమ్మిది నొక్కుల్లో సరైన పేజీ దగ్గరికి చేరతారు. దానికంటే ముందు పుస్తకం మొదట్లోనో చివర్లోనో గుమాస్తా రాసుకున్న పేర్ల పట్టిక ఉందేమో చూడటం మరవద్దు. చాలా రిజిస్టర్లలో ఉంటుంది. అది దొరికితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు పక్క ఊరి చర్చి పుస్తకంలోకి తెలియకుండా జారిపోవడం. ప్రతి పలక దగ్గరా ఆగి ఊరి పేరు చదవాలి.

ఇంగ్లండ్: ఒక్క 3 పౌండ్లతో ఎంత దూరం వెళ్లొచ్చు

డబ్బు ఎక్కువగా పోయేది ఇంగ్లండ్ సర్టిఫికెట్ల దగ్గర. 2024 ఏప్రిల్ నుంచి జనరల్ రిజిస్టర్ ఆఫీసులో, అంటే అక్కడి ప్రభుత్వ జనన మరణాల నమోదు కార్యాలయంలో, ముద్ర ఉన్న సర్టిఫికెట్ 12.50 పౌండ్లు, పీడీఎఫ్ 8 పౌండ్లు, డిజిటల్ ఇమేజ్ 3 పౌండ్లు. ఇమేజ్ జననాల్లో 100 ఏళ్లు దాటినవాటికి, మరణాల్లో 1837 నుంచి 1887 వరకు ఉన్నవాటికి ఇస్తారు. మూడింటిలోనూ రిజిస్టరులో ఉన్న విషయం ఒకటే. ఆరుగురు పిల్లల కుటుంబానికి ఆరు సర్టిఫికెట్లు కొంటే 75 పౌండ్లు. చాలా సందర్భాల్లో ఒక్క ఇమేజ్‌తో పని అయిపోతుంది. ఎలాగంటే ఇలా.

ఆఫీసు సైటులో ఖాతా తెరిస్తే ఇండెక్స్ ఉచితం. ఆ ఇండెక్స్‌లో జననాలకు తల్లి పుట్టింటి ఇంటిపేరు 1837 నుంచే ఉంటుంది. ఫ్రీబీఎండీ అనే స్వచ్ఛంద సైటు కూడా ఉచితమే, వాడటానికి హాయిగా ఉంటుంది. కానీ అందులో తల్లి ఇంటిపేరు 1911 సెప్టెంబరు క్వార్టర్ (జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలలు) నుంచే కనిపిస్తుంది, ఎందుకంటే దానికి మూలమైన పాత ముద్రిత ఇండెక్స్‌లో అంతకుముందు ఆ వివరం లేదు. కాబట్టి పాత జననాలకు ప్రభుత్వ ఇండెక్స్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు కొట్టి, పిల్లల పేరు ఖాళీగా వదిలేయండి. ఏడాది దగ్గర రెండేళ్లు అటూ ఇటూ ఎంచుకుంటే ఒక్క వెతుకులో ఐదేళ్లు వస్తాయి. ఆడపిల్లలకు ఒకసారి, మగపిల్లలకు ఒకసారి. అలా ఇరవై ఏళ్లు జరుపుకుంటూ పోతే తోబుట్టువులందరూ పైసా ఖర్చు లేకుండా వరసగా బయటపడతారు, ఒక జనాభా లెక్కలకూ మరో జనాభా లెక్కలకూ మధ్య పుట్టి చనిపోయిన పిల్లలతో సహా. తల్లి ఇంటిపేరు దగ్గర ఏమీ లేకపోతే ఎక్కువగా పెళ్లి కాని తల్లి బిడ్డ అని అర్థం. అప్పుడు తండ్రి పేరు కోసం సర్టిఫికెట్ కొన్నా ఆ గడి ఖాళీగానే ఉండొచ్చు.

కొనేముందు ఇంకో రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, ఇండెక్స్‌లో ఉండేది నమోదైన క్వార్టర్, పుట్టినది కాదు. నమోదుకు 42 రోజుల గడువు ఉండేది. నవంబరు చివర పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి క్వార్టర్‌లో, అంటే జనవరి నుంచి మార్చి వరకు ఉన్న పుస్తకంలో కనిపించొచ్చు. డిసెంబరు క్వార్టర్‌లో లేదని అదే పేరున్న పరాయి బిడ్డ సర్టిఫికెట్ కొనేస్తుంటారు. రెండోది, అదే పేరుతో ఇద్దరు పిల్లలు కనిపిస్తే తర్వాతి ఐదేళ్ల మరణాల ఇండెక్స్ చూడండి. ఒకరు పసితనంలో పోయి ఉంటే జాబితా దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: మరణాల ఇండెక్స్‌లో కొన్నిచోట్ల నెలలు ఏళ్లుగా ఎక్కాయి. ఆరు నెలల బిడ్డ ఆరేళ్ల పిల్లగా కనిపిస్తుంది. వయసు సరిపోలేదని వెంటనే కొట్టిపారేయకండి.

పెళ్లిళ్లు ఆ సైటు ఇండెక్స్‌లో లేవు. వాటికి ఫ్రీబీఎండీలో వెతికి, క్వార్టర్, జిల్లా, వాల్యూమ్, పేజీ రాసుకుని, ఆ నంబర్లతో ఆర్డరు పెట్టాలి. దానికంటే ముందు ఆ పెళ్లి చర్చిలో జరిగిందేమో ఆలోచించండి. చర్చి పెళ్లి అయితే అదే ఎంట్రీ చర్చి రిజిస్టరులోనూ ఉంటుంది, ఆ స్కాన్ చందా సైటులోనో ఫ్యామిలీసెర్చ్‌లోనో దొరికితే సర్టిఫికెట్ మాటే ఎత్తక్కర్లేదు. మరణ సర్టిఫికెట్ల దగ్గర చెయ్యి బిగపట్టుకోండి. పెద్దవాళ్ల పాత మరణ పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఒక తరం వెనక్కి వెళ్లడానికి అవి పనికిరావు.

స్కాట్లాండ్ లెక్క వేరు

అదే డబ్బుకు ఎక్కువ సమాచారం ఇచ్చేది స్కాట్లాండ్. స్కాట్లాండ్స్‌పీపుల్ అక్కడి ప్రభుత్వ సైటు. ఇండెక్స్ వెతకడం ఉచితం, స్కాన్‌కు క్రెడిట్లు. 30 క్రెడిట్ల ప్యాకెట్ 7.50 పౌండ్లు, జనన, వివాహ, మరణ స్కాన్ ఒక్కోటి 6 క్రెడిట్లు, అంటే 1.50 పౌండ్లు. 1855 తర్వాతి స్కాటిష్ మరణ పత్రంలో చనిపోయిన మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. 1860లో 75 ఏళ్ల వయసులో పోయిన ముసలావిడ పత్రం ఒక్కటి కొంటే 1750ల నాటి తరం దాకా పేర్లు చేతికొస్తాయి. కాబట్టి అక్కడ కొనే వరస తలకిందులు: ముందు మరణం, తర్వాత పెళ్లి, జననం ఆఖర్న. వివరాలు రాయించిన కొడుకో అల్లుడో చనిపోయిన మనిషి తల్లిదండ్రుల పేర్లు తప్పు చెప్పిన సందర్భాలూ ఉంటాయి, అది మాత్రం మనసులో పెట్టుకోవాలి.

ఒకసారి కొన్న స్కాన్ మీ ఖాతాలో ఉండిపోతుంది, మళ్లీ తెరిస్తే క్రెడిట్లు పోవు. క్రెడిట్లకు మాత్రం రెండేళ్ల గడువు. ఆన్‌లైన్‌లో స్కాన్లు జననాలకు 100 ఏళ్లు, పెళ్లిళ్లకు 75, మరణాలకు 50 ఏళ్లు దాటాకే తెరుస్తారు. ఇక్కడ జనం ఎక్కువగా మోసపోయేది ఒక విషయంలో: యాన్‌సెస్ట్రీ అనే చందా సైటులో స్కాట్లాండ్ 1841 నుంచి 1901 వరకు లెక్కలు ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ ట్రాన్స్‌క్రిప్టులే, అసలు పేజీలు ఉండవు. స్కాట్లాండ్ 1921 లెక్కలు ఫైండ్‌మైపాస్ట్‌లో లేవు. పేజీ చూడాలంటే స్కాట్లాండ్స్‌పీపుల్‌కే రావాలి. స్కాట్లాండ్ కుటుంబం కోసమే ఏడాది చందా కట్టిన వాళ్లకు ఈ సంగతి కట్టాక తెలుస్తుంది.

ఐర్లండ్‌లో అయితే చందా ఊసే అనవసరం. ఐరిష్‌జీనియాలజీ అనే ప్రభుత్వ సైటు జనన, వివాహ, మరణ రిజిస్టర్ల స్కాన్లు ఉచితంగా ఇస్తుంది, గడువు అక్కడా 100, 75, 50 ఏళ్లే. 1901, 1911 లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉచితం. కేథలిక్ చర్చి పుస్తకాలు నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా పెట్టేసింది. నార్వే డిజిటల్ ఆర్కివెట్, స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్, ఫ్రాన్స్‌లో జిల్లాల వారీ ఆర్కైవ్స్ సైట్లు కూడా ఇదే బాట.

ఓడల జాబితాలు

ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కిన తెలుగువాళ్ల వారసులు ఇప్పుడు దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో, ఫిజీలో వెతుకుతున్నారు. ఇటు మిగిలిన బంధువులూ వెతుకుతున్నారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ వరకైతే డబ్బు కట్టాల్సిన పని లేదు. మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు దిగిన 1,52,184 మంది జాబితాను క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఉచితంగా ఉంచింది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు వరసగా ఉంటాయి.

ఇందులో ఇంటిపేరుతో వెతికితే దాదాపు ఏమీ రాదు, గుమాస్తాలు ఇంటిపేరు రాసుకోలేదు. తండ్రి పేరు, జిల్లా, ఊరు కలిపి పట్టుకోవాలి. అప్పన్న, వీరయ్య లాంటి పేర్లకు ఇంగ్లిష్ గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా స్పెల్లింగు పెట్టాడు. చివరి అక్షరాలు వదిలేసి మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకండి. ఊరి పేరును గట్టిగా పైకి చదివి చూస్తే కొన్నిసార్లు అసలు ఊరు స్ఫురిస్తుంది. జిల్లాల పేర్లు మాత్రం అప్పటివి: గంజాం, విశాఖపట్నం, గోదావరి. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే రాదు. మనిషి దొరికాక అన్నిటికంటే విలువైనది జాబితాలో పేరు ముందున్న ఆ నంబరు, దాన్నే కలోనియల్ నంబరు అంటారు. తర్వాతి కాగితాల్లో మనిషిని ఖాయంగా పట్టిచ్చేది అదే. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడా వలసదారు నంబరు చేతిలో ఉంటే పని సులువు. ఆ నంబరు పాత జనన, వివాహ పత్రాల మీద ఉందేమో ముందు ఇంట్లోనే వెతకండి.

చందా కట్టక తప్పదనుకుంటే

కొన్ని రికార్డులు చందా సైట్లలో తప్ప దొరకవు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఎప్పుడు, ఎన్ని రోజులకు కట్టాలన్నదే అసలు లెక్క. ఉచిత ఖాతాతోనే పెద్ద సైట్లన్నీ వెతకనిస్తాయి, ఫలితాల్లో కలెక్షన్ పేరు, అంటే ఆ రికార్డు ఏ రికార్డుల సముదాయంలోదో, కూడా చూపిస్తాయి. ఆ కలెక్షన్ పేరునే కాపీ చేసి ఫ్యామిలీసెర్చ్‌లో, ఆ దేశపు ఆర్కైవ్స్‌లో వెతకండి. యాన్‌సెస్ట్రీలోనే కొన్ని కలెక్షన్లు ఉచితం: అమెరికా 1880, ఇంగ్లండ్ 1881 లెక్కల ఇండెక్స్ లాంటివి ఖాతా ఉంటే చాలు.

ఎక్కడా ఉచితంగా దొరకనివి ఒక పట్టికలో చేర్చుకుంటూ పోండి: ఎవరి రికార్డు, ఏ కలెక్షన్, ఏ సైటు. ఒక సైటు కింద ముప్పై నలభై పోగయ్యాక, చేతిలో ఖాళీ ఉన్న నెల చూసుకుని, నెల చందా కట్టండి. కట్టిన రోజే ఆటో-రెన్యూవల్ తీసేయండి. తర్వాత చేద్దాంలే అనుకుంటే మర్చిపోతారు, సైట్ల ఆదాయంలో ఆ మరుపుకూ వాటా ఉంటుంది. కొన్నిచోట్ల గడువుకు కనీసం రెండు రోజుల ముందే రద్దు చేయాలన్న షరతు ఉంటుంది. ఉచిత ట్రయల్‌కూ ఇదే వర్తిస్తుంది, కార్డు ఇచ్చి ట్రయల్ తీసుకున్నారంటే చందా మొదలైనట్టే లెక్కపెట్టుకోండి. ఫోన్ యాప్‌లో కట్టిన చందా సైటులో రద్దు కాదు, ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో తీసేయాలి. యాప్ డిలీట్ చేసినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది.

ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు "వరల్డ్" అన్న మాట చూసి పెద్దది కొనకండి. పట్టికలో ఉన్న కలెక్షన్లు చిన్న ప్యాకేజీలో వస్తాయో లేదో ఒక్కోటీ చూసుకోవాలి. డబ్బు వేరే కరెన్సీలో అయితే బ్యాంకు మార్పిడి రుసుము కూడా కలపండి. చెల్లింపు పేజీలో మీ కరెన్సీలోకి మార్చమంటారా అని అడిగితే వద్దనడం మామూలుగా చౌక. యాన్‌సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ అప్పుడప్పుడు కొన్ని కలెక్షన్లు కొద్దిరోజులు ఉచితంగా తెరుస్తాయి. సైనిక రికార్డులు యుద్ధ మృతుల స్మారక దినమైన నవంబరు 11 చుట్టుపక్కల చూడండి.

దగ్గర్లోని పెద్ద గ్రంథాలయంలో యాన్‌సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. అది అక్కడి కంప్యూటర్లోనే పనిచేస్తుంది. ఫ్యామిలీసెర్చ్ సెంటర్లలోనూ చందా సైట్లు కొన్ని ఉచితంగా తెరుచుకుంటాయి. పెన్ డ్రైవ్ తీసుకెళ్లండి, పట్టిక ప్రింటు తీసుకెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లి అక్కడ ఆలోచించడం మొదలుపెడితే పూటంతా ఒక్క పేరు మీదే గడిచిపోతుంది.

పత్రికలు, పటాలు, పుస్తకాలు

స్థానిక చరిత్రకు డబ్బు ఇంకా తక్కువ అవసరం. ఆస్ట్రేలియా ట్రోవ్, న్యూజిలాండ్ పేపర్స్ పాస్ట్, అమెరికా క్రానిక్లింగ్ అమెరికా, సింగపూర్ న్యూస్‌పేపర్‌ఎస్‌జీ పాత పత్రికలను ఉచితంగా ఇస్తాయి. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ చందా సైటు, కానీ వెతుకులాట ఉచితం, ఫలితం కింద రెండు మూడు వరసలు కనిపిస్తాయి. ముందు అవి చదివి, ఎన్ని నిజంగా మీ మనిషివో లెక్కపెట్టండి. పదిలోపే ఉంటే నెల చందా కంటే వేరే దారి మేలు. ఉచితంగా చూడగల పేజీలు అందులో పది లక్షలకు పైనే ఉన్నాయి, ఫిల్టర్‌లో ఎంచుకుంటే అవే వస్తాయి. పాత ముద్రణను యంత్రం చదివేటప్పుడు పేర్లే ముందు పాడవుతాయి. పేరుతో రాకపోతే వీధి పేరు, వృత్తి, ఓడ పేరు, ప్రమాదం జరిగిన చోటు పెట్టి వెతకండి.

పటాలకు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైటుకు మించినది లేదు. పాత పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, జారుడు మీటతో పలచబరచి చూసుకోవచ్చు, ఉచితం. భారతదేశపు 1950ల నాటి 1:2,50,000 పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయం సైటులో ఉన్నాయి, కలిసిపోయిన, మునిగిపోయిన ఊళ్ల పేర్లు వాటిలో పట్టుబడతాయి. గెజిటీర్లకు, అంటే జిల్లాల వివరాలు రాసిన పాత ప్రభుత్వ పుస్తకాలకు, ఇంటర్నెట్ ఆర్కైవ్ చూడండి. వెతుకు పెట్టె కింద పూర్తి పాఠంలో వెతకమనే ఎంపిక ఉంటుంది, అది పెట్టకపోతే పుస్తకం పేర్లలోనే వెతుకుతుంది. హాతీట్రస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పుస్తకం మూసి ఉందంటే మీరున్న దేశం వల్ల కావచ్చు. అమెరికా బయట నుంచి చూసేవాళ్లకు చాలా పుస్తకాలు తెరవరు. అదే పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉందేమో చూశాకే స్కాన్ చేయించే ఖర్చు గురించి ఆలోచించాలి.

చందా ముగిసే లోపు

సైటులో మీరు కట్టుకున్న వంశవృక్షం చెట్టుకు తగిలించిన స్కాన్లు చందా ఆగాక తెరుచుకోవు. పేరు, తేదీ మిగులుతాయి, పేజీ నొక్కితే మళ్లీ చందా అడుగుతుంది. చెట్టును జెడ్‌కామ్ ఫైలుగా (వంశవృక్షాన్ని వేరే చోటికి మార్చుకునే ఫైలు) దించుకున్నా అందులో బొమ్మలు రావు. అందుకే ప్రతి స్కాన్‌నూ తెరిచిన వెంటనే మీ కంప్యూటర్లోకి దించుకోండి. ఫైలు పేరులో ఏడాది, ఇంటిపేరు, పేరు, రికార్డు రకం, ఊరు ఆ వరసలో పెడితే ఫోల్డరు దానంతటదే కాలక్రమంలో అమరుతుంది. పక్కనే ఒక చిన్న నోటు: ఏ ఆర్కైవ్, ఏ వాల్యూమ్, ఏ పేజీ, ఏ సైటు, ఏ రోజు చూశారు. రెండేళ్ల తర్వాత అదే కాగితం మళ్లీ కొనకుండా కాపాడేది ఆ నోటే. దొరకని వెతుకులు కూడా రాసుకోండి. ఫలానా ఏళ్లలో, ఫలానా స్పెల్లింగులతో చూశాం, లేదు అని రాసి లేకపోతే అదే వెతుకు కోసం ఇంకో నెల చందా కడతారు.

ఊరి చరిత్రను పుస్తకంగా వేయాలనుకుంటే ఇంకో సంగతి. చూడటానికి కట్టిన డబ్బు అచ్చు వేసుకోవడానికి అనుమతి ఇవ్వదు. ఉచితంగా చూపించే ఆర్కైవ్ కూడా ముద్రణకు విడిగా రుసుము అడగొచ్చు. స్కాన్ దించేటప్పుడే పేజీ కింద ఉన్న లైసెన్స్ వరసను కూడా కాపీ చేసి అదే నోటులో పెట్టుకోండి. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే వారంలో అనుమతుల కోసం ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే, జవాబు వచ్చేసరికి ఆ బొమ్మ లేకుండానే పుస్తకం వచ్చేస్తుంది.